అమీర్‌పేట హాస్టల్‌కి వెళ్తున్న మేనకోడలికి

చిట్టీ,

ఆదివారం నుంచి నువ్వు అమీర్‌పేట హాస్టల్లో ఉంటావని మీ నాన్న ఫోన్ చేశాడు. మధ్యలో మీ అమ్మ ఫోన్ లాక్కుని, "షుగర్ సంగతి అక్కడ ఎవరికీ చెప్పొద్దని దానికి చెప్పండి వదినా, రేపు సంబంధాలు చూడాలి" అంది. నేను మాత్రం చెప్పమనే అంటాను. అందుకే ఈ ఉత్తరం.

నాకూ నీలాగే టైప్ 1 షుగర్, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారవ్వని రకం, అని తేలింది 1984లో, పన్నెండేళ్లప్పుడు. అప్పుడు గాజు సిరంజిలు. అమ్మ పొద్దున్నే పాలకంటే ముందు సిరంజిని మరిగించేది, చుట్టాలొస్తే ఆ గిన్నె మీద మూత పెట్టేది. దాచడం నాకు అలా అలవాటైంది. డిగ్రీలో ఒకరోజు సూది వేసుకుని, అన్నం తినకుండా కోఠిలో బస్సెక్కాను. షుగర్ బాగా పడిపోయి చెమటలు, వణుకు. కండక్టర్ డబ్బులడిగితే చేతిలో ఉన్నది రూపాయో పావలానో తెలియలేదు. ఎండదెబ్బ అనుకుని మొహాన నీళ్లు కొట్టారు. పక్కన కూర్చున్నది నా ప్రాణ స్నేహితురాలు. దాని సంచిలో బిస్కెట్ ప్యాకెట్ ఉంది. నాకు షుగర్ అని దానికి తెలిస్తే కదా!

అందుకే మొదటి రాత్రే రూమ్మేట్‌కి చెప్పెయ్. పెద్ద కథ వద్దు. "నేను తిక్కతిక్కగా మాట్లాడినా, చెమటలు పట్టి వణికినా మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకు, 108కి ఫోన్ చెయ్" అను, చాలు. మీటర్‌లో షుగర్ 70 కంటే తగ్గితే నువ్వే తాగు, పావుగంట ఆగి మళ్లీ చూసుకో. అప్పుడు చాక్లెట్ జోలికి పోకు, అందులో కొవ్వు ఉంటుంది కాబట్టి షుగర్ మెల్లగా ఎక్కుతుంది. బిర్యానీతోనూ ఇదే తంటా. తిన్న గంటకు మీటర్ బుద్ధిగానే ఉంటుంది, అర్ధరాత్రికి ఎగబాకుతుంది. మానెయ్యమనను, నేనే మానలేదు. ఆ రాత్రి ఒకసారి లేచి చూసుకో.

హాస్టల్ ఫ్రిజ్‌ని నమ్మకు. ఎవరో పాల ప్యాకెట్ కోసం నీ డబ్బాని ఫ్రీజర్‌లోకి తోస్తారు, గడ్డ కట్టిన ఇన్సులిన్ కరిగినా ఇక పనికిరాదు. విప్పనివి తలుపు అరలో, పేరు రాసిన డబ్బాలో పెట్టు. వాడుతున్న ఇన్సులిన్ పెన్ను గదిలోనే ఉండొచ్చు, సాధారణంగా నాలుగు వారాలు. కానీ మే నెలలో మన ఊరి ఎండ 40 దాటుతుంది. అప్పుడు చిన్న మట్టి ముంతలో పెట్టి, ఆ ముంతని తడి ఇసుక పోసిన పెద్ద కుండలో దించు. ఇసుక ఆరకుండా పొద్దునా సాయంత్రం నీళ్లు చల్లు. నేను ఇప్పటికీ చేసేది ఇదే.

పెన్ను పాడైందని దానిలోని మందుని మామూలు ఎర్రమూత సిరంజిలోకి లాగకు. ఆ సిరంజి గీతలు మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే మందుకి, పెన్నులోది 100 యూనిట్ల మందు. గీత చూసి వేసుకుంటే రెండున్నర రెట్లు ఎక్కిపోతుంది.

జ్వరమొచ్చి అన్నం సయించకపోయినా రాత్రి వేసే నిదానపు ఇన్సులిన్ మానకు. 1922లో టొరంటోలో పద్నాలుగేళ్ల అబ్బాయికి మొదటిసారి ఇన్సులిన్ ఎక్కించేదాకా, మన జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువ రోజులు బతికేవారు కాదు. తినకపోయినా ఒంటికి అది కావాల్సిందే. వాంతులు ఆగకపోతే ఇంటికి ఫోన్ చేసి ఏడవడం కాదు, ముందు ఆసుపత్రికి వెళ్లు.

సంబంధాల టెన్షన్ మీ అమ్మకు వదిలెయ్. మీ మామయ్యకు పెళ్లిచూపుల్లోనే చెప్పాను. అంతకుముందు రెండు సంబంధాలు ఆ మాట వినగానే లేచిపోయాయి. పోనీ, మంచిదే అయింది.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఇంటికి రా, పచ్చిపులుసు చేస్తాను. ఆ రూమ్మేట్‌ని కూడా తీసుకురా. నువ్వు చెప్పావో లేదో దాన్నే అడుగుతాను.

మీ అత్తమ్మ,
చిక్కడపల్లి