అద్దెకిచ్చిన ఫ్లాట్‌లో కెమెరా, అలారం ఎక్కడ పెట్టాలి?

మియాపూర్‌లో ఫ్లాట్ అద్దెకిచ్చి దూరంగా ఉంటున్నాం, లోపల కెమెరా పెట్టవచ్చా అని అడిగారు. వద్దండీ. అద్దెకిచ్చాక అది అద్దెకున్నవాళ్ల కాపురం. ఏకాంతంలో ఉన్న స్త్రీని రహస్యంగా చిత్రీకరిస్తే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మెయిన్ డోర్ బయట, మీ గుమ్మం మాత్రమే కనిపించేలా, వాళ్లకు చెప్పి పెట్టండి. ఆ మాట అగ్రిమెంట్‌లో రాయించండి. ఎదురింటి తలుపు అందులో పడకూడదు.

లోపల తలుపుకు మాగ్నెటిక్ సెన్సర్ అలారం చాలు: దానికి తలుపుకొకటి, చట్రానికొకటి రెండు ముక్కలుంటాయి; తలుపు తెరిచి అవి దూరమవగానే మోగుతుంది. అలారం కోడ్ వాళ్ల దగ్గరే ఉండాలి. అద్దెకున్నవాళ్లు మారినప్పుడల్లా కోడ్, తాళం రెండూ మార్చండి; చాలామంది మరిచిపోయేది ఇదే. కరెంటు పోతే వైఫై రూటర్ ఆగి, కెమెరా ఉన్నా ఫోన్‌లో ఏమీ కనిపించదు. రూటర్‌కు, కెమెరాకు చిన్న యూపీఎస్ పెట్టించండి.