భూమి యజమాని సంతకం పెట్టనంటే కౌలు రైతుకు దారేది?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దగ్గర పల్లెటూరు. నాలుగెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేస్తున్నాం. కౌలు డబ్బు ముందే కట్టాం, కాగితం రాసుకోలేదు. ధర పడిపోయి పెట్టుబడి కూడా రాలేదు. పీఎం కిసాన్ డబ్బేమో పొలం గలాయన ఖాతాలో పడుతోంది. కౌలు కార్డుకు సంతకం పెట్టమంటే ‘రేపు పొలం నాదంటారు’ అంటున్నారు. కోర్టుకు వెళ్తే ఆ డబ్బు మాకు వస్తుందా?

జవాబు: రాదమ్మా. పీఎం కిసాన్ కింద ఏటా ఇచ్చే 6,000 రూపాయలు సొంత భూమి ఉన్న రైతు కుటుంబాలకే. పంట మీదే, నష్టం మీదే అయినా ఆ డబ్బు మీద మీకు చట్టంలో హక్కు లేదు. దానికోసం కోర్టు ఖర్చులు పెట్టుకోవద్దు. వచ్చే ఏడాది కౌలు మాట్లాడుకునేటప్పుడు ఆ మేరకు తగ్గించమని అడగండి, అది న్యాయమైన బేరమే.

అసలు పట్టుకోవలసింది కార్డునే. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం యజమాని, సాగుదారు కలిసి 11 నెలలకు ఒప్పందం రాసుకుంటే సాగుదారుకు కార్డు ఇస్తారు. సంతకం పెట్టి తీరాలని యజమానిని బలవంతం చేసే వీలు మాత్రం లేదు. దీనికి ముందున్న 2011 చట్టంలో ఆ సంతకం అవసరం ఉండేది కాదు. దుక్కి దున్నినవాడి గుర్తింపు ఇంకొకరి దయ మీద ఆధారపడటం ఈ చట్టంలోని పెద్ద లోపమని నా అభిప్రాయం.

ఆయన భయం కూడా ఊరికే పుట్టింది కాదు. 1956 కౌలు చట్టం కౌలుదార్లకు గట్టి రక్షణ ఇచ్చింది. ఆ రోజుల మాటలు ఊళ్లలో ఇంకా వినపడతాయి. కానీ ఈ కార్డు హక్కు పంట మీదే, భూమి మీద కాదు. గడువు కాగానే ఒప్పందం అయిపోతుంది. ఈ సంగతి మీరు చెబితే నమ్మకపోవచ్చు. వీఆర్వో గారినో, ఊళ్లో ఆయన ఎవరి మాట వింటారో ఆ పెద్దమనిషినో వెంటబెట్టుకు వెళ్లండి. రాష్ట్రం ఇచ్చే అన్నదాత సుఖీభవ లాంటి సాయం కౌలు రైతుకు అందాలన్నా ముందు అడిగేది ఈ కార్డే.

ఆయన ససేమిరా అంటే? ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రాసే ఈ-పంట నమోదులో సాగుదారుగా మీ పేరే ఎక్కించమని రైతు సేవా కేంద్రంలో అడగండి. జాబితా ప్రదర్శించినప్పుడు స్వయంగా చూసుకోండి. పేరు తప్పు పడితే వెంటనే రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. నోటిమాటగా చెప్పి వచ్చేసి, తర్వాత బాధపడేవాళ్లను చాలామందిని చూశాను.

మిర్చికి కనీస మద్దతు ధర లేదు. అందుకే ధర పడితే ప్రభుత్వం ప్రత్యేకంగా జోక్యం చేసుకోవాలి. 2025 ఫిబ్రవరిలో కేంద్రం అలాగే క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించింది. అలాంటప్పుడు పంట ఎవరిదో కాగితం మీద కనపడాలి. కాబట్టి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మీ పేరు మీదే అమ్మండి, అమ్మకపు పట్టీలు పారేయకండి. కోల్డ్ స్టోరేజీ రసీదు కూడా మీ పేరునే ఉండాలి.

అప్పు విషయంలో టెన్షన్ పడి వడ్డీ వ్యాపారి దగ్గరకు వెళ్లకండి. కిసాన్ క్రెడిట్ కార్డు నిబంధనల్లో నోటిమాట కౌలుదార్లకూ చోటుంది. 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా వ్యవసాయ రుణానికి తాకట్టు అడగకూడదు. బ్యాంకు కాదంటే, కారణం రాసిమ్మనండి.

అర్జీలు రాయడానికి మనిషి కావాలంటే గుంటూరు జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు మీరే వెళ్లండి. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. ముందుగా ఫోన్ చేయాలనుకుంటే నంబరు 15100.