రాత్రంతా వేలికి ఆక్సీమీటరే

ప్రశ్న: మాది తెనాలి. మావారికి 52 ఏళ్లు, బట్టల కొట్టు ఉంది. 2021 ఏప్రిల్‌లో ఆయనకి కరోనా వచ్చి, ఇంట్లోనే మందులు వాడితే తగ్గింది. మేలో మా బావగారు, అంటే ఈయన అన్నగారు, గుంటూరులో అదే జబ్బుతో పోయారు. కడసారి చూపు కూడా దక్కలేదు. అప్పట్నుంచీ ఈయన రాత్రంతా వేలికి, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్ పెట్టుకుని చూసుకుంటూ కూర్చుంటారు. ఎదురుగా టీవీ వార్తలు, చేతిలో ఫోను. తెల్లవారుజామున పడుకుని పదింటికి లేస్తారు. కొట్టు గుమస్తానే తీస్తున్నాడు. కాలవ గట్టు మీద నడక మానేశారు, టీలకి మాత్రం లెక్కలేదు. గుండె దడ, ఊపిరి ఆడట్లేదు అంటారు. పరీక్షలన్నీ చేయించాం, గుండె, ఊపిరితిత్తులు బాగున్నాయన్నారు. మానసిక వైద్యుల దగ్గరికి వెళ్దామంటే ‘నాకేమన్నా పిచ్చా’ అని కేకలేస్తున్నారు. ఇప్పుడు కొట్టు మూసేద్దామంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, మీవారికి పిచ్చి లేదు. ఆ మాట నేను చెప్పానని ఆయనకే చదివి వినిపించండి. తోడబుట్టినవాణ్ణి తీసుకుపోయిన జబ్బే తన ఒంట్లోకీ వచ్చి వెళ్లింది. అలాంటి మనిషికి భయం వెయ్యకపోతే ఆశ్చర్యపోవాలి. ‘ఏం కాదండీ, ధైర్యంగా ఉండండి’ అని మీరు ఇప్పటికే వందసార్లు చెప్పి ఉంటారు. దానివల్ల లాభం లేదని మీకూ తెలిసిపోయింది. అందుకే భయం జోలికి ఇప్పుడు వెళ్లొద్దు. రాత్రిపూట ఆ భయానికి మేత వేస్తున్న అలవాట్లను పట్టుకుందాం. అవి మన చేతిలో ఉన్నాయి.

ముందు ఆక్సీమీటర్. జబ్బు మీద ఉన్నప్పుడు అది ఎంతోమంది ప్రాణాలు కాపాడింది, కాదనను. కానీ తగ్గిపోయాక రాత్రంతా చూసుకోవడం వేరు. 98 కనపడగానే కాసేపు హాయిగా ఉంటుంది. ఇంతలో 96 అవుతుంది. ఎందుకు తగ్గిందని గుండె దడ మొదలవుతుంది, వేలు మార్చి మళ్లీ పెడతారు. వేలు చల్లగా ఉన్నా, కదిలినా ఆ అంకె మారుతుంది. ఒకటి రెండు పాయింట్లు అటూ ఇటూ కావడం అందరికీ ఉన్నదే. దురద గోకితే క్షణం సుఖంగా ఉండి తర్వాత ఇంకా పెరిగినట్టే ఇదీను, చూసుకున్న ప్రతిసారీ మళ్లీ చూసుకోవాలనిపిస్తుంది. పైగా భయంలో గబగబా గాలి పీలుస్తాం. దాంతో ఛాతీ పట్టేస్తుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ఎంత పీల్చినా చాలనట్టుంటుంది. ఆ సమయంలో మీటరు 98, 99 చూపిస్తున్నా మనిషికి నమ్మకం కుదరదు.

దాన్ని లాక్కుని దాచెయ్యకండి, గొడవ అవుతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, కూర్చుని అయిదు నిమిషాలు ఆగి ఆయన్నే చూసుకోమనండి. ఆ అంకె మీరు క్యాలెండరు మీద రాయండి. మిగతా వేళ అది మీ బీరువాలో ఉంటుంది. మధ్యలో అడిగితే ‘ఇవ్వను’ అనొద్దు, ‘పావుగంట ఆగి ఇస్తాను’ అనండి. చాలాసార్లు ఆ పావుగంటలోనే దడ దానంతటదే దిగుతుంది. నిజంగా జ్వరం, ఆయాసం వచ్చి 94 కంటే తగ్గితే మాత్రం క్షణం ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించాలి. ఆ సంగతీ ఆయనకి ముందే చెప్పి ఉంచండి.

ఇక నిద్ర. ఒక విషయం మీరు రాయలేదు: ఏప్రిల్‌లో ఆయనకి స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారా? అవి వాడేటప్పుడు నిద్ర చెడుతుంది, షుగరూ పెరుగుతుంది. పెరిగిన షుగరుతో రాత్రిళ్లు మాటిమాటికీ మూత్రానికి లేస్తుంటే నిద్ర ఎక్కడిది? ఒకసారి షుగరు, థైరాయిడ్ చేయించండి. అవి సరిగ్గా ఉంటే మిగిలింది దినచర్యే.

రాత్రి తొందరగా పడుకోమని పోరకండి. ఎప్పుడు పడుకున్నా సరే, ఆరింటికి లేపండి. మొదటి వారం మీ ఇద్దరికీ కష్టంగానే ఉంటుంది, విసుక్కుంటారు, ఓర్చుకోండి. లేవగానే కాలవ గట్టుకి మీరూ వెంట వెళ్లండి, మాస్కు పెట్టుకుని, జనం లేని వైపు. కొత్తగా జబ్బు నుంచి లేచిన మనిషి, ఆయాసం రానంత దూరమే. పొద్దుటి వెలుతురు కంట్లో పడితేనే ఒంట్లోని గడియారం సర్దుకుని రాత్రి వేళకి నిద్ర తెస్తుంది. పగలు అరగంటకి మించి పడుకోనివ్వొద్దు. టీ మధ్యాహ్నం దాటాక వద్దు. సాయంత్రం అయిదింటికి తాగిన టీలోని కెఫీన్ రాత్రి పదింటికి కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. దడకి అదొక తోడు.

నిద్ర మాత్ర మాత్రం మందుల షాపులో అడిగి తేవద్దు. ‘సగం వేసుకోండి, ఏం కాదు’ అని అల్ప్రాజొలాం ఇచ్చేస్తుంటారు. ఈ రెండు నెలల్లో ఫోన్లో నాతో మాట్లాడినవాళ్లలో అలా మొదలుపెట్టి మానలేకపోతున్నవాళ్లు ఉన్నారు. నాకు చాలా బాధ కలిగించే సంగతి ఇది.

వార్తల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కేసుల బులెటిన్ ప్రభుత్వం రోజుకి ఒక్కసారే ఇస్తుంది. టీవీవాళ్లు దాన్నే రాత్రి దాకా తిప్పితిప్పి చూపిస్తారు. పొద్దున పేపర్లో చదువుకుంటే ఏ కబురూ తప్పిపోదు. ఫోను రాత్రి తొమ్మిదింటి తర్వాత హాల్లోనే ఛార్జింగు పెట్టించండి.

ఇవన్నీ చేసినా ఒకటి మిగులుతుంది, అది అలవాటు కాదు. అన్నని మూట కట్టి తీసుకెళ్లారు. పాడె మొయ్యలేదు, పెద్దకర్మకి నలుగురూ రాలేదు, ఎవరూ పట్టుకుని ఏడవలేదు. ఆ దుఃఖం ఆయనలో అలాగే ఉండిపోయింది, రాత్రిపూట ఆక్సీమీటర్ రూపంలో బయటికొస్తోందని నా అనుమానం. బావగారి ఫోటో ఉంటే గోడకి పెట్టండి. రోజూ ఒక వేళకి మీ తోడికోడలికి ఈయన చేత ఫోన్ చేయించండి. వదినకి ధైర్యం చెప్పమని కాదు, ఇద్దరూ ఆయన గురించి మాట్లాడుకోవాలని. ఏడిస్తే ఏడవనివ్వండి. టీవీ వాల్యూం పెంచి మాట మార్చకండి.

మూడు వారాలకీ తేడా లేకపోతే, తిండి మానేసినా, ‘నేనూ అన్న దగ్గరికే పోతా’ లాంటి మాట ఒక్కటి అన్నా, ఆగొద్దు. గుంటూరు పెద్దాసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. ‘నిద్ర డాక్టరు’ అని చెప్పి తీసుకెళ్లినా తప్పులేదు, చూపించాల్సింది నిద్ర గురించే కదా. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళలో చేసినా తెలుగులో మాట్లాడతారు. అలాంటి మాట అన్న రోజు మాత్రం ఆయన్ని ఒంటరిగా వదలొద్దు.

కొట్టు మూసే మాట ఇప్పుడు ఒప్పుకోకండి. మే 5 నుంచి కరోనా కర్ఫ్యూతో మధ్యాహ్నం పన్నెండుకే షట్టరు దించాల్సి వచ్చి నష్టపోయి ఉంటారు, ఆ దిగులు అబద్ధం కాదు. కానీ నిద్రలేని మనిషి తీసుకునే నిర్ణయం కాదిది. ఇన్నేళ్లూ పొద్దున్నే ఆయన్ని లేపి, స్నానం చేయించి, నలుగురితో మాట్లాడించింది ఆ కొట్టే. తాళాలు గుమస్తా దగ్గర్నుంచి వెనక్కి తీసుకుని ఆయన చేతికివ్వండి, మొదట గంటసేపైనా చాలు. ముందుంది శ్రావణం. చీరల సరుకు ఎంత తేవాలో, ఎవరి దగ్గర అప్పు పెట్టాలో ఆయన్నే కూర్చుని లెక్క వెయ్యమనండి.