గడగడా చదువుతాడు, ఏం చదివాడో చెప్పలేడు

"మాది విశాఖ. మా అబ్బాయి నాలుగో తరగతి. తెలుగు గడగడా చదివేస్తాడు, ఏం అర్థమైందిరా అంటే నోరు మెదపడు. ఇంకా ఎక్కువ చదివించాలా?" అని అడిగారు. వద్దండీ. అర్థం కాకుండా ఎంత చదివిస్తే ఈ అలవాటు అంత ముదురుతుందని నా గట్టి నమ్మకం.

తెలుగులో గుణింతాలు, ఒత్తులు పట్టుబడితే చాలు, తెలియని మాటైనా పిల్లలు పైకి చదివేస్తారు. ఆ ధార విని మనం మురిసిపోతాం. లోపలికి ఏమీ దిగలేదన్న సంగతి బయటపడదు.

విశాఖ లాసన్స్ బే కాలనీలో మా ఇంట్లో సాయంత్రాలు పిల్లలకి చదువు చెబుతుంటాను. అపార్ట్‌మెంట్ల పిల్లలూ వస్తారు, పెదజాలారిపేట నుంచి మత్స్యకారుల పిల్లలూ వస్తారు. ఓసారి తుపాను జాగ్రత్తల మీద ఒక పేరా చదివించాను. అందులో "గాలి ఒక్కసారిగా ఆగిపోయినా బయటికి రాకూడదు" అని ఉంది. ఐదో తరగతి అమ్మాయి ఒక్క తప్పు లేకుండా చదివింది. ఎందుకు రాకూడదమ్మా అంటే మళ్లీ అదే వాక్యం చదివి వినిపించింది. ఇంకోలా అడిగితే "అది ఇందులో లేదు ఆంటీ" అంది. పక్కనే పేట కుర్రాడు. 'హెచ్చరిక' అన్న మాటని కూడబలుక్కుని చదివేవాడు. వాడు లేచి, "అది తుపాను కన్నండీ. ఇంకా అయిపోలేదు. ఇప్పుడు అటుపక్క నుంచి కొడతాది" అంటూ అరచెయ్యి గుండ్రంగా తిప్పి చూపించాడు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను కన్ను, అంటే గాలి నెమ్మదించే దాని నడిమి భాగం, విశాఖ మీదుగానే వెళ్లింది. అప్పటికి వాడు పుట్టలేదు, వాళ్ల తాత చెప్తే విన్నాడు.

1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు స్కూలు పిల్లలకి బేస్‌బాల్ ఆట గురించి ఒక కథనం ఇచ్చి చూశారు. చదవడంలో వెనకబడినా ఆట తెలిసినవాళ్లు, బాగా చదివినా ఆట తెలియనివాళ్లకంటే ఎక్కువ అర్థం చేసుకున్నారు. మా పేట కుర్రాణ్ణి చూశాక నాకది వింతగా అనిపించలేదు.

అసలు నా కోపం ప్రశ్న-జవాబుల మీద. ప్రశ్నలో ఉన్న మాట పాఠంలో ఎక్కడుందో వెతికి ఆ లైను దించేస్తే ఫుల్ మార్కులు. గైడ్లు ఆ కష్టం కూడా లేకుండా చేస్తున్నాయి. పేరెంట్స్ మీటింగ్‌లో "రీడింగ్ సూపర్" అంటారు, మనం సంతోషంగా ఇంటికొచ్చేస్తాం. ఏడో తరగతిలో సైన్స్ అర్థం కానప్పుడు మొదలవుతుంది టెన్షన్.

మీదీ విశాఖే అన్నారు కదా. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర బోట్లకు వేట నిషేధం. ఆ వార్త బాబుతో చదివించి, ఆ రెండు నెలల్లో చేపల ధర ఏమవుతుంది, ఆ నెలల్లోనే ఎందుకు ఆపుతారు అని అడగండి. జవాబు ఆ వార్తలో లేకపోతే మరీ మంచిది. చెప్పలేకపోతే మళ్లీ చదవమనకండి. ఆదివారం పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్లి, బోటు వాళ్లనే అడగనివ్వండి.