పగుళ్ల పరిశోధన నుంచి పాలన దాకా

ప్రశ్న: భారతదేశంలో పుట్టిన సుబ్రా సురేశ్, పరిశోధనలకు నిధులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు డైరెక్టరుగా పనిచేశారని చదివాను. వలస వెళ్లిన ఇంజనీరుకు అంతటి ప్రభుత్వ పదవి ఎలా దక్కింది? విశ్వవిద్యాలయ పాలనకూ దానికీ సంబంధం ఉందా?

జవాబు: మొదటి సందేహం తేలిగ్గా తీరేదే. జన్మతః పౌరులై ఉండాలన్న నిబంధన అమెరికాలో అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులకే వర్తిస్తుంది. ఫౌండేషన్ డైరెక్టరును అధ్యక్షుడు ప్రతిపాదిస్తే సెనేట్ ఆమోదించాలి. ఒబామా ప్రతిపాదనపై సురేశ్ 2010 అక్టోబరులో బాధ్యతలు చేపట్టారు.

ఆయన 1977లో ఐఐటీ మద్రాసులో మెకానికల్ ఇంజనీరింగ్ ముగించి, అయోవా స్టేట్‌లో ఎం.ఎస్., 1981లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎంఐటీ)లో డాక్టరేట్ పొందారు. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో పదేళ్లు బోధించి, 1993లో ఎంఐటీకి తిరిగి వచ్చారు. ఇనుప తీగను ఒకేచోట అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి పుటుక్కున తెగుతుంది కదా, అలాంటి పగులు లోహంలో ఎలా మొదలై ఎలా పాకుతుందన్నది ఆయన తొలినాళ్ల పరిశోధన. తర్వాత అదే చూపును ఎర్ర రక్తకణం మీదికి మళ్లించారు. ఆరోగ్యంగా ఉన్న కణం తనకంటే సన్నని రక్తనాళంలోకి కూడా వంగి దూరిపోతుంది. మలేరియా పరాన్నజీవి చేరిన కణం బిరుసెక్కి అలా దూరలేదు. ఆ బిరుసు ఎంతో తెలుసుకోవడానికి ఆయన బృందం లేజరు కాంతితో కణాన్ని సాగదీసి కొలిచింది.

ఇంజనీర్లనూ జీవశాస్త్రవేత్తలనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టిన ఈ అనుభవమే పాలనకు ఆయన పొందిన అసలు శిక్షణ అని నా అభిప్రాయం. 2007లో ఎంఐటీ ఇంజనీరింగ్ విభాగానికి డీన్ అయ్యాక నియామకాలు, నిధులు, అధ్యాపకుల పట్టుదలల మధ్య సర్దుబాట్లు రోజువారీ పనులయ్యాయి. అప్పట్లో ఏటా దాదాపు 700 కోట్ల డాలర్లను పరిశోధనలకు పంచిన ఫౌండేషన్‌లోనూ, స్థాయి పెద్దదైనా, పని స్వభావం అదే. అక్కడ ఆయన హయాంలో 2011లో మొదలైన ‘ఐ-కోర్’ పథకం ప్రయోగశాలలోని ఆవిష్కరణను మార్కెట్‌కు చేర్చే ప్రయత్నం. ఎంపికైన బృందానికి 50 వేల డాలర్లు ఇచ్చి, కొనబోయేవారిని దాదాపు నూరుమందిని స్వయంగా కలిసి మాట్లాడి రమ్మంటారు. శాస్త్రజ్ఞులకు ఇది కొంత ఇబ్బందికరమైన షరతే!

డైరెక్టరు పదవీకాలం ఆరేళ్లయినా సురేశ్ 2013 మార్చిలోనే వైదొలగి, అదే ఏడాది కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ అధ్యక్షులయ్యారు. తర్వాత 2018 నుంచి 2022 వరకు సింగపూర్ నన్యాంగ్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి సారథ్యం వహించారు.