బరువైన పుస్తకాల బీరువాలకు కనబడని బిగింపు

విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీ ఫ్లాట్‌లో ఏడడుగుల టేకు బీరువాలు రెండింటిని, ఇనుప సామాను పైకి కనబడకుండా గోడకు ఎలా బిగించాలని మీరు అడిగారు. పుస్తకాల బరువు నేల మీదనే పడుతుంది. గోడ చేయవలసిందల్లా బీరువా ముందుకు ఒరగకుండా పట్టుకోవడం, కాబట్టి బిగింపు ఎంత పైన ఉంటే అంత మేలు.

గోడ అడుగున అంటించే స్కర్టింగ్ టైలు వల్ల బీరువా వెనుక ఎలాగూ సందు ఏర్పడుతుంది. ఆ సందులో, పై పలక ఎత్తుకు కొంచెం దిగువగా, 18 మి.మీ. మందం గల టేకు పట్టీని గోడకు బిగించి, బీరువా లోపలి నుంచి వెనుక అడ్డకర్ర గుండా దానిలోకి స్క్రూలు ఎక్కిస్తే, వాటి తలలు పుస్తకాల చాటున ఉండిపోతాయి. వెనుక ఉన్న పలుచని ప్లైవుడ్‌ను మాత్రం నమ్మకండి, అది చిరిగిపోతుంది.

గోడ ఇటుకదైతే, ప్లాస్టరింగ్‌ను లెక్కలోకి తీసుకోకుండా, ప్లగ్గు (స్క్రూ పట్టు కోసం రంధ్రంలో దూర్చే గొట్టం) ఇటుకలోకి కనీసం 50 మి.మీ. దిగాలి. తేలికపాటి ఏఏసీ బ్లాకులైతే (గాలి బుడగలున్న కాంక్రీటు దిమ్మెలు), సుత్తిలా కొడుతూ తొలిచే హ్యామర్ డ్రిల్లింగ్ ఆపి, మామూలుగా రంధ్రం చేసి, ఆ బ్లాకుల కోసమే తయారైన నైలాన్ ప్లగ్గులు వాడండి. రంధ్రం నుంచి ఎర్రని పొడి వస్తే ఇటుక, బూడిదరంగు పొడి సులువుగా రాలితే బ్లాకు.

మన సముద్రపు గాలికి మామూలు స్క్రూలు తుప్పు పడతాయి కనుక, ఖరీదెక్కువైనా 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలువే కొనండి. చివరగా, ముందు కాళ్ల కింద సన్నని చెక్క ముక్కలు పెట్టి బీరువాను గోడవైపు కాస్త వాల్చిన తరువాతే స్క్రూలు బిగించండి.