మీ కారు – మా జవాబు: ముందు చక్రం దగ్గర టకటక

ప్రశ్న: మా హ్యాచ్‌బ్యాక్ 70 వేల కిలోమీటర్లు తిరిగింది. గతుకుల రోడ్డెక్కితే చాలు, ముందు ఎడమవైపు టకటకమని చప్పుడు. షాక్ అబ్జార్బర్లు రెండూ మార్చాలంటున్నాడు మెకానిక్. నిజంగా అవసరమా? ముందు ఉన్నది ఇండిపెండెంట్ సస్పెన్షన్ అంటారు కదా, అదెలా పనిచేస్తుంది? – ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: తొందరపడి షాకులు మార్పించకండి. పాత జీపుల్లో ముందు చక్రాలు రెండూ ఒకే ఇనుప యాక్సిల్‌కు ఉండేవి. ఎడమ చక్రం రాయెక్కితే కుడిదీ ఒరిగేది, స్టీరింగ్ చేతుల్లో అదిరేది. ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో ఏ చక్రం గుంతలో పడితే అదే దిగుతుంది. అంబాసిడర్‌లో ముందు చుట్ట స్ప్రింగులు లేవు, పొడవాటి టార్షన్ బార్లు మెలితిరిగి ఆ పని చేసేవి. ఇప్పటి చిన్న కార్లలో దాదాపు అన్నిటికీ మెక్‌ఫర్సన్ స్ట్రట్టే. కింద చక్రాన్ని బండి చట్రానికి కలిపే లోయర్ ఆర్మ్, దాని కొసన అన్ని వైపులా తిరిగే కీలు లాంటి బాల్ జాయింట్, దానిపైన చక్రాన్ని మోసే నకిల్, నకిల్‌కు బోల్టులతో బిగించిన స్ట్రట్. స్ట్రట్ అంటే షాకూ, దాని చుట్టూ ఉన్న స్ప్రింగూ. దాని తల బానెట్ కింద రబ్బరు మౌంటులో, బేరింగు మీద కూర్చుంటుంది. స్టీరింగ్ తిప్పితే స్ట్రట్ కూడా తిరుగుతుంది. మలుపుల్లో బండి మరీ ఒరగకుండా స్టెబిలైజర్ బార్ రెండు పక్కలనూ కలుపుతుంది. దాన్ని స్ట్రట్‌కు తగిలించేదే లింక్ రాడ్.

నా మొదటి అనుమానం ఈ లింక్ రాడ్ మీదే. దాని కొసల్లో చిన్న బాల్ జాయింట్లుంటాయి. రబ్బరు బూటు చిరిగితే నీళ్లూ ఇసుకా చేరి, గ్రీజు పోయి లూజవుతాయి. షాకు పోతే గుర్తులు వేరు: షాకు ఒంటిమీద నూనె కారిన తడి, స్పీడ్ బ్రేకర్ దాటాక కూడా బండి ఊగుతూ ఉండటం.

నాలుగు చక్రాలూ నేలమీద ఉండగానే, స్టీరింగ్ ఒకవైపు పూర్తిగా తిప్పి, ఇంజిన్ ఆపి, లింక్ రాడ్‌ను చేత్తో గట్టిగా ఊపండి. ఒక్క చక్రమే జాకీతో లేపితే బార్ మెలిపడి లింక్ బిగుసుకుంటుంది, లూజు తెలియదు.

తర్వాత వెనక చక్రాలకు అడ్డం పెట్టి, ముందు జాకీ ఎత్తి, తప్పకుండా స్టాండు వేయండి. చక్రాన్ని గడియారంలో 12, 6 ఉండే చోట పట్టుకుని ఊపండి. ఆడితే ఇంకొకరిని బ్రేక్ తొక్కమని మళ్లీ చూడండి. ఆట ఆగితే వీల్ బేరింగ్, ఆగకపోతే బాల్ జాయింట్. 9, 3 చోట్ల పట్టుకుంటే ఆడిందా, టై రాడ్ ఎండ్, అంటే స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ కొస, చూడాలి. బాల్ జాయింట్ లూజుంటే మాత్రం బండి నడపొద్దు. అది ఊడితే చక్రం పక్కకు పడిపోతుంది, స్టీరింగ్ పట్టు పోతుంది.

బండి నిలిపి స్టీరింగ్ తిప్పినప్పుడు టంగుమని స్ప్రింగ్ ఎగిరినట్టు వినిపిస్తే, అది పైన ఉన్న మౌంటు బేరింగు.

ప్రశ్న: లోయర్ ఆర్మ్ బుష్‌లు (ఆర్మ్ బండికి తగిలే చోట ఉండే రబ్బరు ముక్కలు) కొత్తవి వేయించిన ఆరు నెలలకే చీలిపోయాయి. నాసిరకం సరుకేనా?

జవాబు: కావచ్చు, కానీ బిగించిన తీరు అడిగి తెలుసుకోండి. బండి జాకీ మీద, చక్రం వేలాడుతుండగా బోల్టు బిగిస్తే బుష్ రబ్బరు ఆ స్థితిలోనే పట్టుకుంటుంది. బండి కిందికి దించగానే రబ్బరు మెలిపడి, రోజంతా ఆ మెలికలోనే ఉండి చీలుతుంది. బోల్టులు ముందు చేత్తోనే పెట్టి, బండి దించి, ముందుభాగాన్ని రెండుమూడు సార్లు నొక్కి వదిలి, బరువు చక్రాల మీద ఉండగానే టార్క్ రెంచితో (బిగింపు బలం కొలిచే రెంచి) మాన్యువల్‌లో ఇచ్చిన కొలతకు బిగించాలి.

ప్రశ్న: కుడి షాకు ఒక్కటే కారుతోంది. ఒకటి మారిస్తే చాలదా?

జవాబు: చాలదు. ఒక పక్క కొత్తదీ ఒక పక్క పాతదీ ఉంటే బ్రేక్ వేసినప్పుడు బండి సమంగా ఉండదు. జతగా మార్పించండి. స్ప్రింగ్‌ను కంప్రెసర్‌తో అణచకుండా పైనున్న మధ్య నట్టు విప్పితే స్ప్రింగ్ ఎగిరి మనిషి ప్రాణం తీయగలదు, ఇది ఇంట్లో చేసే పని కాదు. స్ట్రట్ బోల్టులు విప్పితే క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో ఒరిగే కోణం), టో (చక్రం ముందంచు లోపలికో బయటికో తిరిగే కోణం) మారతాయి. కొత్తవి వేసిన రోజే అలైన్‌మెంట్ చేయించకపోతే టైరు అంచు అరిగిపోతుంది.